అత్త బతికించిన ముళ్లచెట్టు

మా అత్త పోయిన మంగళవారం చనిపోయింది. మార్కాపురంలో డయాలసిస్ చేయించుకుని కంభం తిరిగి వస్తుంటే, తర్లుపాడు దాటాక, ఆటోలో నా భుజం మీద తల వాల్చింది. నిద్రపోయిందనుకున్నాను.

ఆమెది హనుమంతునిపాడు దగ్గర గొర్రెలు మేపుకునే కుటుంబం. మా అమ్మాయి నర్సరీ బండి దగ్గర గుండ్రటి కాక్టస్ మొక్క కొని తెచ్చిననాడు అత్త నవ్వాపుకోలేకపోయింది.

"జెముడు చేనుగట్ల మీద ఉంటది గానీ, ఇంట్లో పెట్టుకుంటారా ఎవరన్నా? అదీ కొనుక్కొచ్చి!"

దాన్ని పాడుచేసింది నేనే. తులసికి పోసినట్టు రోజూ నీళ్లు పోశాను. నెల తిరక్కుండానే మొదలు మెత్తబడి ఒరిగిపోయింది. పారేయబోతుంటే అత్త లాక్కుంది. పాతగుడ్డ చుట్టి పట్టుకుని, కుళ్లిందంతా కత్తితో కోసేసింది. "పుండు ఆరాల ముందు" అని నీడలో పెట్టింది. కోసినచోట గట్టిపడ్డాక, కుండీ అడుగున పెంకులు వేసి, ఇసుక ఎక్కువ కలిపిన మట్టిలో నాటింది.

ఇక అది ఆమె మొక్కే అయిపోయింది. ఎండ పడే కిటికీలో పెట్టి, ఒక పక్కకే వాలకుండా అప్పుడప్పుడు కుండీ తిప్పేది. నీళ్లు పోసేముందు మట్టిలో చీపురుపుల్ల గుచ్చి చూసేది. తడి అంటిందంటే ఆ వారానికి అంతే. చలికాలమైతే నన్ను చెంబుతో ఆ దరిదాపులకే రానిచ్చేది కాదు.

"ప్రేమ ఎక్కువైతే చస్తదమ్మే అది" అనేది.

తర్వాత ఆమె కిడ్నీలు దెబ్బతిన్నాయి. ఒంట్లో నీరు చేరితే ఊపిరాడదని, నీళ్లు కొలిచే ఇవ్వాలని డాక్టరు నాకు చెప్పాడు. రోజుకింతని సీసాలో పోసి ఉంచేదాన్ని. బిందెలున్న వంటింటికి గడియ పెట్టేదాన్ని. తక్కువ పోసి బతికించడం నాకు నేర్పింది ఆమే. ఆమె మీదే దాన్ని చూపించాల్సి వస్తుందనుకోలేదు.

ఎండాకాలం ఒక మధ్యాహ్నం కాక్టస్‌కు నీళ్లు పోస్తుంటే, కిటికీ పక్క మంచం మీద నుంచి అడిగింది.

"దానికి పోస్తివే, నాకొక గుక్క పొయ్యవా?"

"ఇయ్యాల్టిది అయిపోయింది అత్తా. ఓర్చుకో."

"అట్లనేలేమ్మా. నువ్వు మాత్రం ఏం చేస్తావు."

తిట్టినా బాగుండేది.

మంగళవారం ఆటోలోనూ అడిగింది. సంచిలో సీసా ఉంది. "ఇల్లొచ్చేసింది అత్తా, పోయినాక ఇస్తా" అన్నాను. ఇల్లు ఇంకా చాలా దూరం. ఆమెకూ తెలుసు. కళ్లు మూసుకుంది.

"మంచికే చేసినావు. అడిగినప్పుడల్లా నువ్వు ఇచ్చింటే మాయమ్మ ఎప్పుడో పోయేది" అంటున్నాడు మా ఆయన. నిజమే కావచ్చు. కానీ ఆ ఒక్క గుక్కతో ఏమయ్యేదని నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. దాహం వేసి గ్లాసు ఎత్తి, తాగకుండానే కింద పెట్టేస్తున్నాను.

మంగళవారం సాయంత్రం వాకిట్లో ఆమెకు చివరి స్నానం చేయించారు. ఆడవాళ్లు చెంబుల మీద చెంబులు పోస్తుంటే నీళ్లు వీధిలోకి పారాయి. పొద్దున బయలుదేరేముందు అత్త కాక్టస్ కుండీలో మట్టి గుల్ల చేసినట్టుంది, కుడిచేతి గోళ్ల సందుల్లో ఆ మట్టి అట్లాగే ఉంది. అత్త చెల్లెలు, చిన్నత్త, వంగి ఆ గోళ్లు తోమబోయింది.

"ఉండనీ చిన్నత్తా" అని, ఆ చేతిని నా రెండు చేతుల్లోకి తీసుకున్నాను.