ఆమె మీకేమవుతారు?

మా పక్క గదిలో ఉండే అక్క పోయిన మంగళవారం నెల్లూరు ఆసుపత్రిలో చనిపోయింది. కబురు వచ్చేసరికి నేను రొయ్యల ఫ్యాక్టరీలో డ్యూటీలో ఉన్నాను. ఫోన్ చేసిన నర్సు, "మీకు ఆమె ఏమవుతారు?" అని అడిగింది. రెండు నెలల్లో ఆ ప్రశ్న వినడం అది రెండోసారి. మొదటిసారి నేనిచ్చిన జవాబు ఇంకా గొంతులో ముల్లులాగే ఉంది.

అక్క అంటే తోడబుట్టింది కాదు. అప్పట్లో మా ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. పెళ్లి చేసుకోలేదు. నాకు ఇరవై రెండేళ్లప్పుడు మా ఊరు కోట నుంచి వచ్చి ఉద్యోగంలో చేరితే, తన పక్క గది నాకు అద్దెకిప్పించింది. మూడేళ్లకు ఆమె ఉద్యోగం మానేసి, పీఎఫ్ మొత్తం తీసి, రొయ్యల చెరువులో వాటా పెట్టింది. మా వైపు చేతిలో నాలుగు డబ్బులు ఆడితే ఎవరి చూపైనా చెరువు మీదికే పోతుంది. రెండు పంటలు బాగా వచ్చాయి. మూడోదానికి తెల్లమచ్చ తెగులు తగిలి, వారం తిరక్కుండా చెరువు ఊడ్చిపెట్టుకుపోయింది.

ఆ తర్వాత ఒకనాడు, తను పెత్తనం చేసిన హాల్లోనే, రోజుకూలికి రొయ్యలు వలవడానికి వచ్చి కూర్చుంది. చూడలేక తల తిప్పుకున్నాను. ఆమే పిలిచింది. "ఏమ్మే, కొత్తగా చూస్తా ఉండావే? ఆ ట్రే ఇటు నెట్టు."

ఆదివారం పులుసు కాస్తే నాకో గిన్నె పక్కన పెట్టేది. తినేదాకా పోనిచ్చేది కాదు. బుద్ధులన్నీ అప్పుడే చెప్పేది. "మనకి ముసలితనమే మొగుడు మే. వద్దన్నా వచ్చి ఇంట్లో కూర్చుంటాది. వాడికి కూడెట్టా పెడతావో ఇప్పుడే చూసుకో."

నాకు జీతం పెరిగింది. పీఎఫ్ పోనూ నెలనెలా కొంత మిగిలేది. ఏం చెయ్యమంటావని అడిగాను.

"చెరువు జోలికి పోబాకు. నేను పొయ్యింది చాలు. పింఛను స్కీములో వేసుకో. వయసులో ఉండావు, వాళ్లు షేర్లలో పెట్టింది కొంత పడినా లేచేదానికి టైముంది. అయితే ముందు ఆరు నెలల తిండికి సరిపడా బ్యాంకులో చేతికందేట్టు పెట్టు. ఆపైన మిగిలిందానికి తాళమెయ్."

నేను తాళం మాట ఒక్కటే విన్నాను. పెళ్లా పిల్లలా, నీకేం ఖర్చులే అంటూ చుట్టాలంతా అప్పు అడిగేవాళ్లు. అరవై ఏళ్లదాకా రాదని చెబితే వాళ్ల నోళ్లు మూతపడతాయని, మిగిలిందంతా అందులోనే వేశాను. ఈ సంగతి చెప్పినప్పుడు అక్క ముద్ద కలుపుతూ ఆగిపోయింది.

"అంతా తాళమేసినావా? ఇంటికి నిప్పంటుకుంటే నీళ్లు యాడ తెస్తావే?"

"నాకేం నిప్పులే అక్కా, ఒక్కదాన్నే గదా," అని నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పుడు నన్ను నేనే చెంప పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

ఆమె కడుపునొప్పిని ఆర్నెల్లు గ్యాస్ అని దాచింది. స్కానింగులో గడ్డ బయటపడింది. సర్కారు ఆరోగ్య కార్డు మీదైతే తేదీ దొరకడానికి నెల పైన పడుతుందన్నారు. డబ్బు కడితే వారంలో ఆపరేషనన్నారు. పింఛను ఖాతా వాళ్లకు ఫోన్ చేశాను.

"జబ్బు మీకేనా మేడమ్?"

"కాదు, మా అక్కకు."

"అక్కకైతే కుదరదండి. మీకో, మీవారికో, పిల్లలకో, అమ్మానాన్నలకో అయితే కొంత తీసుకోవచ్చు. ఇంతకీ సొంత అక్కేనా? ఆమె మీకేమవుతారు?"

"పక్కింటావిడ," అన్నాను.

గొలుసు తాకట్టు పెట్టాను. నేను తప్పించుకు తిరిగిన చుట్టాల గడపలే ఎక్కాను. డబ్బు కూడేసరికి మూడు వారాలు దాటింది. అప్పటికి కోసినా లాభం లేదన్నారు. మూడు వారాల ముందైతే బతికేదా అని డాక్టరుగారిని అడిగాను. చెప్పలేమమ్మా అన్నారు.

ఆమె మంచం పక్కన కూర్చుని, నీ మాట సగమే విన్నానక్కా అని ఏడ్చాను. నా చెయ్యి పట్టుకుంది. ఏళ్ల తరబడి ఐసులో రొయ్యలు వలిచి ఆ వేళ్ల కొసలు తెల్లగా పాలిపోయాయి.

"గమ్మునుండు. తాళం మంచిదే మే, దాన్ని తియ్యబాకు. నీ ముసలితనానికి అదే కూడు. ఇంకమీదట కొంచెం బయటపెట్టుకో, అంతే."

వాళ్ల అన్న కొడుకు వచ్చి తలకొరివి పెట్టాడు. నేను గదికి వచ్చి స్నానం చేశాక ఫోన్‌లో మెసేజ్ చూశాను. ఈ నెల డబ్బు పింఛను ఖాతాలో జమ అయిందట. చాలా రోజుల తర్వాత ఆ ఖాతా తెరిచాను. నా తర్వాత డబ్బెవరికి అన్న చోట ఆమె పేరే ఉంది. ఇక అది మార్చాలి. ఎవరి పేరు రాయాలో తోచడం లేదు. ఆ పేరు పక్కనే, బంధం అన్న గడిలో, ఎవరూ నిలదీసి అడగని రోజున నా చేత్తో నేనే నింపిన మాట ఉంది. అక్క.