ఫిర్మీనో మావయ్య ముట్టని సాసు

మా ఫిర్మీనో మావయ్య ఎర్రటి క్రాన్‌బెర్రీ పళ్ళ సంచీ చంకలో పెట్టుకుని మా వంటింట్లోకి వచ్చి, "ఇల్దా, సాసు ఎలా కాస్తారే?" అని అడిగినప్పుడు నా చేతిలో గరిటె కింద పడింది. ఇంకెవరైనా అడిగితే అందులో వింతేమీ లేదు. థాంక్స్‌గివింగ్ పండగ దగ్గర పడుతోంది, టర్కీ కోడి పక్కన ఆ సాసు లేనిదే పండగ కాదు, ఊరంతా అదే పని మీద ఉంది. కానీ ఈయన ఆ పండు తినడు. మా వేర్‌హామ్ ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. కుర్రతనంలో ఆఫ్రికా పక్కనున్న బ్రావా దీవి నుంచి అమెరికాకి ఓడెక్కి వచ్చి, ఈ బెర్రీ మళ్ళలో మోకాళ్ళ మీద కూలబడి, ముసలితనం వచ్చాక గానీ లేవని మనిషి. ఆ పండు ఒక్కటంటే ఒక్కటి నోట్లో వేసుకుని ఎరగడు.

ఎవరైనా బలవంతం చేస్తే ఒకటే మాట అనేవాడు.

"అది నా మోకాళ్ళు తినేసింది. ఇంక నేను దాన్నెందుకు తినాలి?"

విన్నవాళ్ళంతా నవ్వేవాళ్ళు. ఆయన నవ్వేవాడు కాదు.

ఇప్పుడైతే కోతప్పుడు మళ్ళ నిండా నీళ్ళు పెట్టేస్తారు. పళ్ళన్నీ ఎర్రగా తేలతాయి, వాటిని ఓ పక్కకి తోసుకుంటారు. బోస్టన్ నుంచి కార్లేసుకుని వచ్చి మరీ ఫోటోలు తీసుకుంటారు. మా వాళ్ళు దువ్వెనలాంటి పళ్ళున్న చెక్క చేటలతో బెర్రీలు దువ్వుకుంటూ, మంచు పట్టిన తీగల మీద పొద్దస్తమానం పాకినప్పుడు ఒక్కడైనా వచ్చి ఫోటో తీశాడా? ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మావయ్య ఇంటికొచ్చేసరికి ప్యాంటు మోకాళ్ళ దగ్గర తడిసి, బిగుసుకుపోయి ఉండేది. కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ బల్లకి ఆనించి, అమ్మా అని మూలిగి లేచేవాడు.

అయితే ఆ పండే ఆయనకి పెళ్ళాన్ని కూడా ఇచ్చింది. ఆ మాట మాత్రం ఎప్పుడూ ఒప్పుకోలేదు.

మళ్ళలోంచి పెట్టెలు మోసుకుని వెళ్ళి ఏరుడు షెడ్డులో దింపేవాడు. అక్కడ బల్లల వెంట ఆడవాళ్ళు కూర్చుని పుచ్చులు ఏరేవాళ్ళు. మంచి బెర్రీ పడేస్తే బంతిలా ఎగురుతుంది, చెడ్డది పడ్డచోటే కూలబడుతుంది. బెన్విందా అత్త అందులో చెయ్యి తిరిగిన మనిషి. మావయ్య పెట్టె దింపినప్పుడల్లా ఓ పుచ్చు పండు తీసి ఆయన బూట్ల మీదికి విసిరేదట. "మీ వరసలో అన్నీ ఇలాంటివేనా? మనిషి కూడా ఇంతేనా, ఎగరడా?" అనేదట. ఆ మాట పడలేక ఓ రోజు మావయ్య పెట్టె కిందపెట్టి, షెడ్డంతా చూస్తుండగా, చిన్నపిల్లాడిలా ఎగిరి చూపించాడట. ఆ చలికాలమే పెళ్ళి.

ఆ తరవాత ఏటా థాంక్స్‌గివింగ్‌కి అందరం వాళ్ళింట్లోనే. టర్కీ, చిక్కుడు గింజలు వేసి వండిన అన్నం, మా అమ్మ వేయించే బూరెలు, అత్త సాసు. అందరికీ పెద్ద గిన్నెలో పెట్టేది. మావయ్య కంచం పక్కన మాత్రం నీలం అంచున్న చిన్న గిన్నెలో విడిగా పెట్టేది. తినమని ఒక్కసారి కూడా అనేది కాదు. మావయ్య దాన్ని చూసేవాడు, వేలితో నా వైపు నెట్టేవాడు. పక్క కుర్చీ నాది మరి. పిల్లగా ఉన్నప్పటి నుంచి ఆయన వాటా తిన్నది నేనే.

ఈ వసంతంలో అత్త పోయింది. పొద్దున్నే దండెం మీద దుప్పట్లు ఆరేస్తూ కూలిపోయింది. చెప్పిపోవడానికి కూడా వ్యవధి లేకపోయింది.

ఆ సంచీ వైపే చూస్తూ కింద పడ్డ గరిటె తీసుకున్నాను. "ఇప్పుడెందుకు మావయ్యా?" అని మాత్రం అడిగాను.

ఆయన సంచీ బల్ల మీద పెట్టి కూర్చున్నాడు.

"మీ అత్త చేసిన సాసు ఒక్కసారి తినాలే. ఎలా ఉండేదో నాకు తెలీదు. మీ అమ్మకి తెలుసు, నీకు తెలుసు, మా వీధిలో ఉత్తరాలు పంచేవాడికి కూడా తెలుసు. వాడికి ఏటా సీసా ఇచ్చేది. నాకు తెలీదు." సంచీ మూతి విప్పుతూ, "ఇల్లంతా వెతికాను. ఓ సీసా అయినా మిగల్లేదు," అన్నాడు.

ఆ గొంతు విని నాకు ఏడుపొచ్చింది. ఏడవకుండా పొయ్యి ముట్టించి చూపించాను. బెర్రీలు కడిగి నీళ్ళలో వెయ్యాలి, పంచదార వెయ్యాలి, చిటపటమని పగులుతుంటే కలపాలి, ఎక్కువసేపు ఉడికించకూడదు, చల్లారితే అదే గట్టిపడుతుంది. ఆయన వింటూనే సంచీలో పళ్ళు ఒక్కొక్కటీ బల్ల మీద పడేసి చూస్తున్నాడు. ఎగిరినవి ఓ పక్క, ఎగరనివి ఓ పక్క.

"పంచదార ఎంత వేసేది?"

నేను నోరు తెరిచేలోగా పక్క గదిలోంచి మా అమ్మ జుల్మీరా వచ్చేసింది. "బోలెడు వేసేదిరా! నీ చేతికొచ్చినంత వెయ్యి," అంది.

పచ్చి అబద్ధం. అత్త సాసు ఎంత పుల్లగా ఉండేదో ఏం చెప్పను! ఓ చెంచా నోట్లో పెట్టుకుంటే కళ్ళు వాటంతటవే మూసుకుపోయేవి. మా తమ్ముడు ఆర్మాండ్ ప్రతి ఏడూ అన్నం కింద దాచేసేవాడు. మావయ్య వెళ్ళాక నేను అమ్మ మీద విరుచుకుపడ్డాను.

"అదేంటమ్మా, ఆయన తినాలనుకునేది అత్తదా, నీదా?"

"నువ్వు నోరు ముయ్యి. పులుపని చెబితే ఎందుకు పులుపని అడుగుతాడు. ఎందుకో చెబుతావా? చెప్పి, వాడు బతికినన్నాళ్ళూ ఏడుస్తుంటే చూస్తావా? తియ్యగా ఓ చెంచా తిని సంతోషపడతాడు. పోనీ."

అమ్మ చెప్పిందీ నిజమే.

రెండు రోజుల తరవాత మావయ్య సీసా పట్టుకుని వచ్చాడు. తను మాత్రం చెంచా ముట్టలేదు. "ముందు మీరు చెప్పండి. మీ అత్త చేతిదే అంటే తింటాను. వేరేది తిని ఏం చేసుకోను?" అన్నాడు. నేను నోట్లో పెట్టుకున్నాను. పాకం! పళ్ళకి అతుక్కుంది. అమ్మ లొట్టలేసుకుంటూ తిని, "ఆహా, అచ్చం బెన్విందా చేతిదేరా!" అంది. ఆ మాట వినగానే మావయ్య మొహం వెలిగిపోయింది. అత్త పోయాక ఆ మొహంలో అలాంటి వెలుగు చూడటం అదే మొదలు. ఎలా కాదనను చెప్పండి?

"అయితే పండగనాడు తింటాను. అందరితో పాటు, మీ అత్త పెట్టే గిన్నెలోనే," అని సీసా గుండెకి హత్తుకుని వెళ్ళిపోయాడు.

పండగనాడు వాళ్ళింటికి వెళ్ళేసరికి బల్ల మీద అన్నీ సర్ది ఉన్నాయి. అత్త కుర్చీ తీసెయ్యలేదు, అలాగే ఉంచాడు. నీలం అంచు గిన్నె తన కంచం పక్కన పెట్టుకున్నాడు. ఎర్రగా, గట్టిగా, నిగనిగలాడుతోంది సాసు. అమ్మ ప్రార్థన చదివింది. ఆర్మాండ్ టర్కీ వైపు చూస్తూ ఆమెన్ అన్నాడు. మావయ్య చొక్కా పైగుండీ పెట్టుకుని, చెంచా తీసి, గిన్నెలో ముంచాడు.

అది చూసి నావల్ల కాలేదు. ఇన్నేళ్ళ తరవాత మొదటి ముద్ద తింటున్నాడు, అదీ ఆవిడది కాదు. దాన్నే ఆవిడది అనుకుని పోయేదాకా తలుచుకుంటాడు.

"ఆగు మావయ్యా!" అని చెయ్యి పట్టుకున్నాను.

"ఇల్దా!" అని అమ్మ గట్టిగా అరిచింది.

"నువ్వు అరిచినా సరే. నేను చెబుతాను. మావయ్యా, అది అత్త సాసు కాదు. అత్తది ఇంత తియ్యగా ఉండేది కాదు. పులుపు. చచ్చేంత పులుపు. గుప్పెడు పంచదార వేసేది, అంతే."

మావయ్య చెంచా అలాగే పట్టుకుని నా వైపు చూశాడు. "మరి మీరంతా ఏటా తినేవాళ్ళు కదే?"

"నీకోసం తినేవాళ్ళం."

"నాకోసమా?"

"నీకోసమే చేసేది కనక. ఓసారి నేనే అడిగాను, ఇంకొంచెం తీపి వెయ్యొచ్చు కదా అత్తా, అందరం మొహాలు చిట్లిస్తున్నామని. ఏమందో తెలుసా? 'మీ మావయ్యకి తీపి గిట్టదే. కాఫీ కూడా ఉత్తదే తాగుతాడు. ఏ ఏడో ఓ ఏడు ఆ గిన్నె దగ్గరికి లాక్కుంటాడు. ఆ రోజు గనక తియ్యగా ఉందనుకో, మళ్ళీ జన్మలో ముట్టడు,' అంది. ఏటా నువ్వు నా వైపు నెట్టేవాడివి. ఏటా ఆవిడ, పోనీలే, వచ్చే ఏడు, అనేది."

మావయ్య చెంచా కింద పెట్టాడు. అత్త కుర్చీ వైపు తిరిగాడు. అమ్మ కొంగులా భుజం మీద వేసుకున్న శాలువాలో మొహం దాచుకుంది. చెప్పి తప్పు చేశానా అనిపించింది.

అప్పుడాయన రెండు చేతులూ బల్లకి ఆనించి, మూలుగుతూ లేచాడు.

"పళ్ళు ఇంకా ఉన్నాయి. రా, ఎంత వెయ్యాలో చూపించు."

"ఇప్పుడా?" అన్నాడు ఆర్మాండ్. "టర్కీ చల్లారిపోతుంది మావయ్యా!"

"చల్లారితే చావవులే, కూర్చో!" అంది అమ్మ శాలువాలోంచే.

వంటింట్లో ఇద్దరం పొయ్యి దగ్గర నిలబడ్డాం. ఆయన గుప్పెడు పంచదార తీసి నాకు చూపించాడు. అత్త చెయ్యి చిన్నది, అంత వద్దన్నాను. వేళ్ళ సందుల్లోంచి కొంచెం డబ్బాలోకి జారవిడిచి, మిగిలింది వేశాడు. బెర్రీలు చిటపటమంటుంటే గిన్నె మీదికి వంగి విన్నాడు. "ఈ చప్పుడు మాత్రం తెలుసు. హాల్లో కూర్చుంటే వినపడేది," అన్నాడు. చల్లారడానికి గిన్నె తీసుకెళ్ళి పెరటి మెట్ల మీద చలిగాలిలో పెట్టి, కోటు కూడా వేసుకోకుండా దాని పక్కనే నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

ఆయన బల్ల దగ్గరికి తెచ్చాక నీలం అంచు గిన్నెలోని పాకం తీసేసి, కడిగి, కొత్తది వేసిచ్చాను. ఇంకా సరిగా గట్టిపడలేదు, కాస్త గోరువెచ్చగానే ఉంది. చెంచా నిండా తీసి నోట్లో పెట్టుకున్నాడు. కళ్ళు మూసుకుపోయాయి, మా అందరికీ మూసుకుపోయినట్టే. తెరిచేసరికి నీళ్ళు.

"ఇదేనా?"

నేనూ ఓ చెంచా తిన్నాను. దవడలు జివ్వున లాగాయి. "ఇదే మావయ్యా."

ఇంకేమీ అనకుండా తిన్నాడు. తల వంచుకుని, చెంచాతో అంచులు గీకి గీకి, అడుగు మెరిసేదాకా తిన్నాడు. కన్నీళ్ళు చొక్కా మీద పడుతున్నా తుడుచుకోలేదు.

"ఇంత బాగుంటుందని ఒక్కరైనా చెప్పలేదేమర్రా?" అన్నాడు చివరికి, కోపంగా.

"బాగుందని ఎవడన్నాడురా!" అంది అమ్మ, ఏడుస్తూనే. "ఏటా మేం పళ్ళు పులిసి చచ్చాం."

మావయ్య అత్త కుర్చీ వీపు మీద కాసేపు చెయ్యి వేసి ఉంచాడు. ఆ తరవాత ఎప్పటిలాగే గిన్నెని వేలితో నా వైపు నెట్టాడు.

"ఇంకొంచెం వెయ్యవే," అన్నాడు.