వెనక గది సంగతి అడిగిన డాక్టరు

రక్తం తీయడంలో నీలిమది మంచి చెయ్యి. బ్లాక్‌టౌన్‌లో ఒక పరీక్షా కేంద్రంలో పనిచేసేది. సూది గుచ్చే ముందు ఇంటి సంగతో వంట సంగతో ఎత్తుకుని, అవతలి మనిషి జవాబు చెప్పేలోగా దూది అద్దేసేది. రాజమండ్రిలో ఉండగా డాక్టరు కావాలనుకుంది. సీటు రాలేదు. మైక్రోబయాలజీ చదివి, ప్రశాంత్‌ని పెళ్ళి చేసుకుని సిడ్నీ వచ్చేసింది. ముప్పై దాటాక ఆ పాత కోరిక మళ్ళీ తలెత్తింది. ఉద్యోగం చేసుకుంటూనే ప్రవేశ పరీక్షకు చదివింది. మొదటిసారి తప్పి, రెండోసారి గట్టెక్కితే ఒక యూనివర్సిటీ ఇంటర్వ్యూకి పిలిచింది.

అప్పటికి వాళ్ళు స్కోఫీల్డ్స్‌లో కొత్తిల్లు కట్టుకుని ఏడాది దాటింది. నీలిమ తల్లి శ్యామసుందరి వాళ్ళ దగ్గరే ఉండేది. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేదని కింద వెనక గది ఆవిడకిచ్చారు. గది బాగానే ఉండేది గానీ మంచం తలవైపు మూల ఎప్పుడూ చెమ్మగా ఉండేది. బిల్డరు మనుషులు వచ్చి చూసి, పైపులన్నీ సవ్యంగానే ఉన్నాయని చెప్పి వెళ్ళారు. బయట ఎండ నిప్పులు చెరుగుతున్నా ఆ మూల టైల్స్ మీద కాలు పెడితే నూతి గట్టు మీద పెట్టినట్టు జిల్లుమనేది.

ఆ గదిలోకి మారాక శ్యామసుందరికి మధ్యాహ్నం నిద్రలో మాట్లాడే అలవాటు పట్టుకుంది. అన్నం తిని నడుం వాల్చిన కాసేపటికి "మ్యాగీ... మ్యాగీ..." అని పిలిచేది. ప్రశాంత్ పడీ పడీ నవ్వాడు. అత్తగారికి నూడుల్స్ మీద మనసు పోయిందని ఓ ఆదివారం వండి పెట్టాడు. ఆవిడ ఒక పోగు ఎత్తి చూసి, పళ్ళెం పక్కకు జరిపి, పెరుగన్నం కలుపుకుంది. నిద్రలో ఏం పిలిచావని అడిగితే, నేనేం పిలిచాను, నాకేం గుర్తులేదనేది.

నీలిమకు నవ్వు రాలేదు. అది తిండి అడిగే గొంతు కాదు. చీకటి పడుతున్నా ఆట మానని పిల్లని ఇంట్లోకి రమ్మని బుజ్జగించే గొంతు. తన చిన్నప్పుడు అమ్మ తనని పిలిచింది అచ్చం అలాగే.

ఇంటర్వ్యూ దగ్గర పడేసరికి ఆ సంగతి వెనకబడిపోయింది. అంతకు ముందు ఏడాదే సీటు తెచ్చుకున్న స్నేహితురాలు శ్రీలేఖ వచ్చి కూర్చుని, ఏ ప్రశ్నకి ఎలా చెప్పాలో నేర్పింది. ఒక్క విషయం మాత్రం మరీ మరీ హెచ్చరించింది.

"క్వశ్చన్స్ వదిలేసి ఊరికే కబుర్లలోకి దిగారనుకో, అది కూడా టెస్టే. రిలాక్స్ అయిపోకు. మనిషితో ఎలా మాట్లాడతావో చూస్తుంటారు."

ఇంటర్వ్యూ గదిలో ఇద్దరున్నారు. ప్రశ్నల కాగితం పట్టుకున్న లెక్చరర్ ఒకావిడ, పక్కన ప్రాక్టీసు మానేసిన పెద్ద డాక్టరు. ఆయన పేరు ప్రెస్కట్. నెరిసిన కనుబొమ్మలు, పెద్ద పెద్ద చేతులు. డాక్టరెందుకు కావాలనుకున్నావని ఆవిడ అడిగితే నీలిమ తడబడకుండా చెప్పింది. రెండో ప్రశ్నకు ముందు, ఎంత దూరం నుంచి వచ్చారని ఆయన మామూలుగా అడిగాడు. స్కోఫీల్డ్స్ అంది. ఆయన చిన్నతనమంతా అక్కడేనట. అప్పుడు అవన్నీ పాలవాళ్ళ పొలాలట. స్టేషన్‌కి ఏ వైపు ఉంటారన్నాడు. వాగు వైపు అంది. వీధి చివర పిడుగు పడి చీలిపోయిన యూకలిప్టస్ చెట్టు ఇంకా ఉందా అన్నాడు. ఉంది, కౌన్సిల్‌వాళ్ళు చుట్టూ కంచె కట్టారని చెప్పింది.

శ్రీలేఖ మాట గుర్తొచ్చి నీలిమ నిటారుగా కూర్చుంది. ఇది పరీక్షే అనుకుంది. అందుకే తొణక్కుండా, నవ్వు చెదరకుండా ఆయన అడిగినవాటికల్లా చెప్పుకుపోయింది. చెట్టు నుంచి ఎన్నో ఇల్లు. పెరడు ఏ దిక్కు. పెరటి వైపు గది ఉందా. లెక్చరర్ రెండుసార్లు గొంతు సవరించుకుంది. ఆయన వినిపించుకోలేదు.

"ఆ గది మూల చెమ్మగా ఉంటుంది, కదా?"

నీలిమ నవ్వు ఆగిపోయింది. ఉంటుందని తలూపింది.

అక్కడ తమ డ్యామ్ ఉండేదని ఆయన చెప్పాడు. గొడ్ల నీళ్ళ కోసం తవ్విన గుంటని ఇక్కడివాళ్ళు అలాగే అంటారు. తరవాత దాన్ని పూడ్చి ప్లాట్లు వేశారు. తను చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడు చెల్లెలు అందులోనే పోయిందని, అది కూడా అదే గొంతుతో, బస్సు నంబరు చెబుతున్నట్టు చెప్పాడు. పేరు మార్గరెట్. ఇంట్లో అందరూ మ్యాగీ అనేవారు.

ఆ గదిలో ఎవరు పడుకుంటారని ఆయన అడిగాడు. మా అమ్మ, అంది. ఆవిడకి నిద్ర బాగా పడుతుందా అన్నాడు.

బాగా పడుతుంది అంటే అయిపోయేది. అక్కడితో కబుర్లు ముగిసి ప్రశ్నల్లోకి వెళ్ళిపోయేవారు. ఉన్నది చెబితే, ఇదేదో దెయ్యాల మనిషి అనుకుంటారు. కానీ ఆ ముసలాయన కళ్ళు చూశాక ఇది పరీక్ష కాదని ఆమెకు తెలిసిపోయింది.

"నిద్రలో ఆ పేరు పెట్టి పిలుస్తుంది," అంది. "మా అమ్మకి ఇంగ్లీషు రాదు. తినడానికి అడుగుతోందనుకున్నాం."

టైమైపోయిందని బయట గంట మోగింది. కాగితం మీద ప్రశ్నలు చాలావరకు అలాగే మిగిలిపోయాయి.

రైల్లో తిరిగి వస్తూ సీటు మీద ఆశ వదిలేసుకుంది. మర్నాడు సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది. మధ్యాహ్నం తల్లి పడుకున్నాక మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. కిటికీ నిండా ఎండ ఉంది. శ్యామసుందరి ఎప్పటిలాగే పిలవడం మొదలుపెట్టింది. నీలిమ వంగి, మెల్లిగా, ఎవరమ్మా అని అడిగింది.

"గోడ దగ్గర నిలబడిందే," అంది తల్లి కళ్ళు తెరవకుండానే. "నడుం దాకా నీళ్ళు. రమ్మంటే రాదు. వాళ్ళన్నయ్య వచ్చి పిలిచేదాకా కదలదంట."

ఆ మాట నీలిమ ప్రశాంత్‌కి కూడా చెప్పలేదు. అతను లేనప్పుడు మంచం మాత్రం అవతలి గోడకి లాగింది. మర్నాడు పొద్దున శ్యామసుందరి, తలాపి ఎటు పెట్టుకోవాలో నాకు తెలుసులే అని మళ్ళీ పాత చోటికే లాగించుకుంది.

కొన్నాళ్ళకు యూనివర్సిటీ నుంచి ఫోన్ వచ్చింది. ఇంటర్వ్యూని దారి తప్పించింది తనేనని, కాబట్టి తను మార్కులు వేయనని ప్రెస్కట్ చెప్పాడట. వేరేవాళ్ళతో మళ్ళీ పెట్టారు. ఈసారి ప్రశ్నలన్నీ వరసగా అడిగారు, ఒక్క పొల్లు మాట లేదు. సీటు వచ్చింది. ఆ శుక్రవారం హారిస్ పార్క్‌లో ఒక ఇండియన్ హోటల్లో శ్రీలేఖ కుటుంబంతో కలిసి భోజనం చేశారు. అందరూ నవ్వుతుంటే నీలిమ కూడా నవ్వింది.

అవన్నీ అయిపోయాక ఒక మధ్యాహ్నం ప్రెస్కట్ వచ్చాడు. నీలిమ వంటింటి కిటికీలోంచి చూసింది. ఇంటికేసి కాక, పెరటి వైపు నేలకేసి చూస్తూ ఫుట్‌పాత్ మీద నిలబడి ఉన్నాడు. బెల్లు కొట్టడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. పిలవకుండా వచ్చినందుకు క్షమించమన్నాడు. చెట్టు నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చానన్నాడు.

లోపలికి తీసుకెళ్ళే ముందు, తల్లి నిద్రలో అన్న మాట నీలిమ ఆయనకి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన తలుపు చెక్క పట్టుకున్నాడు.

"దాగుడుమూతలాడుతున్నాం. నేను పిలిచేదాకా రావద్దని చెప్పాను," అన్నాడు.

శ్యామసుందరి నిద్రపోతోంది. ఆయన చెప్పులు విప్పి గదిలోకి వెళ్ళి, ఆ మూలకి ఎదురుగా నిలబడ్డాడు. తరవాత, "మ్యాగీ, ఆట అయిపోయింది. ఇక వచ్చెయ్," అని ఇంగ్లీషులో అన్నాడు. గట్టిగా ఏం అనలేదు. ఇంట్లో పిల్లలతో అన్నట్టే అన్నాడు.

శ్యామసుందరి నిద్రలోనే కదిలింది. చాపిన కాళ్ళు ముడుచుకుని, ఎవరికో దారి ఇస్తున్నట్టు గోడవైపు ఒత్తిగిల్లింది.

ఆయన మంచినీళ్ళు కూడా తాగలేదు. నీలిమ గుమ్మం దాకా వెళ్ళి చూస్తూ నిలబడింది. ఆయన తిన్నగా కారు ఎడమవైపుకి వెళ్ళి తలుపు తెరిచాడు. తెరిచి పట్టుకుని కాసేపు ఆగాడు. ఆ తలుపు మెత్తగా వేసి, చుట్టూ తిరిగి వచ్చి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. వెళ్ళేటప్పుడు నీలిమ వైపు చూడలేదు. తల ఎడమకి తిప్పి ఏదో చెబుతున్నాడు.

మర్నాడు భోజనమయ్యాక శ్యామసుందరి ఎప్పటిలాగే గదిలోకి వెళ్ళింది. కాసేపటికి దిండు చంకన పెట్టుకుని హాల్లోకి వచ్చేసింది.

"ఏంటమ్మా, పడుకోలేదా?" అంది నీలిమ.

"ఏమోనే, గది బోసిగా ఉంది," అంది శ్యామసుందరి, సోఫాలో నడుం వాలుస్తూ. "ఒక్కదాన్నే పడుకోబుద్ధి కావట్లేదు."