నేను అర్థం చెప్పిన సినిమా

కడుపులో బిడ్డ కదిలింది. పెద్దదాన్ని పిలిచి, దాని చెయ్యి పట్టుకుని పొట్ట మీద పెట్టబోయాను. కాలే పెనం తగిలినట్టు చెయ్యి లాక్కుంది. ఏడేళ్ల పిల్ల. నా ముఖం వైపు చూడలేదు. పొట్టనే చూస్తూ వెనక్కి నడిచి గోడకు ఆనుకుంది. ఏదో ముంచుకొస్తోందని నాకు మొదట తెలిసింది అప్పుడే.

అంతకు రెండు రోజుల ముందు, ఆదివారం, ఎదురింటి బట్టల దుకాణం వాళ్లు టీవీ, వీసీపీ కిరాయికి తెచ్చారు. మా వాడకట్టంతా వాళ్లింట్లోనే కూర్చుంది. తెలుగు క్యాసెట్లు అయిపోయాక ఇంగ్లీషుది పెట్టారు.

"ఒక్క ముక్క సమజైతలేదు. చెల్లే, బీఎస్సీ చదివినవ్ గదా, జర చెప్పరాదు," అంది ఎదురింటి అక్క. "గా తెల్లకోటు గుండు ఆయన డాక్టరో, వంటాయనో గూడ తెలుస్తలేదు."

అందరూ నవ్వారు. నా చదువు ఎవరికైనా అక్కరకొచ్చి చాలా ఏళ్లయింది. హుషారుగా మొదలుపెట్టాను. ఆకాశం నుంచి రాలిన గింజ ప్రయోగశాలలో డాక్టరు ఒంట్లోకి చేరిందని, అతని రక్తం తాగుతూ పెరుగుతోందని, అది బయటికొచ్చే రోజే అతనికి ఆఖరని చెప్పాను. సినిమాలో లేనివి కూడా కొన్ని కలిపాను. నా పిల్లలిద్దరూ ముందు వరుసలో ఉన్నారు.

మా చిన్నప్పటి సినిమాల్లో దయ్యానికి తెల్లచీర ఉండేది, పాట ఉండేది. ఆఖరికి ఎవరో ఒకరు విరుగుడు చెప్పేవారు. కాలేజీ రోజుల్లో ఇంగ్లీషు సినిమాలు వచ్చాయి. ఏనుగంత చీమలు, మనుషుల్ని చంపే యంత్రాలు. రబ్బరు తోకలు కనబడి నవ్వుకునేవాళ్లం. వీడియో వచ్చేనాటికి రబ్బరు కనబడటం మానేసింది. పాత బంగళాలో ఉండే భయం ప్రయోగశాలకు మారింది, అక్కడి నుంచి మనిషి ఒంట్లోకే వచ్చింది. దానికి విరుగుడు చెప్పేవాళ్లు ఎవరూ లేరు. తెల్లకోటు వేసుకున్నవాళ్లే ముందు చచ్చిపోతున్నారు.

గోడకు ఆనుకున్న పిల్లతో, "దయ్యాలు లేవు బిడ్డా, ఎన్నిసార్లు చెప్పిన?" అన్నాను.

"గది దయ్యం గాదమ్మా, సైన్సు. నువ్వే చెప్పినవ్ గదా."

దగ్గరికి రమ్మని చెయ్యి చాచాను, రాలేదు.

"నీ కడుపుల ఉన్నది ఏం తింటది?" అని అడిగింది.

"నా రక్తంల నుంచే దానికి తిండి పోతది," అన్నాను. క్లాసులో జవాబు చెప్పినట్టు, ఆలోచించకుండా అనేశాను. దాని పెదవులు పాలిపోయాయి.

ఆ రోజు నుంచి నా పక్కన పడుకోలేదు. నేను కలిపిన అన్నం తినలేదు. నాలుగేళ్ల తమ్ముణ్ణి కూడా నా ఒళ్లో కూర్చోనివ్వలేదు, చొక్కా పట్టుకుని లాగేసేది. "నాలుగు రోజులైతే అదే మరుస్తది, ఊకో," అన్నారు మా ఆయన. మూడు వారాలైనా మరవలేదు. రాత్రి దాని మంచం దగ్గరికి వెళ్తే, కళ్లు గట్టిగా మూసుకుని ఊపిరి బిగబట్టేది. నేను కన్న పిల్ల నన్ను చూసి చచ్చినట్టు నటించేది.

ఆరో నెలలో, ఒక మధ్యాహ్నం బట్టలు ఆరేస్తుంటే నొప్పులు మొదలయ్యాయి. దవాఖానకు చేరిన గంటకు ఆడపిల్ల పుట్టింది. ఏడవలేదు. ఇలా ఎందుకవుతుందో కొన్నిసార్లు తెలియదని, నా తప్పేమీ లేదని డాక్టరమ్మ చెప్పింది. నేను చదివిన చదువు కూడా అదే చెబుతుంది. అయినా ఈ రాత్రి, అందరూ పడుకున్నాక ఇది రాస్తుంటే, మూడు వారాలు ఒక పసిపిల్ల భయం నా పొట్ట మీద పడి ఉందనీ, ఆ భయాన్ని దానికి పెట్టింది నేనేననీ తప్ప వేరే ఏదీ నమ్మబుద్ధి కావడం లేదు.

మూడో రోజు సాయంత్రం నన్ను ఇంటికి తెచ్చారు. తెల్లారి పిల్లలిద్దరూ గడప దగ్గర నిలబడ్డారు. పెద్దది నా చీర మీదుగా తేరిపార చూసింది.

"గది పోయిందా అమ్మా?"

దాని ముఖంలో ఎంత నిశ్చింతో! ఆ నిశ్చింతను చూడలేక కాసేపు కళ్లు మూసుకున్నాను. తర్వాత ఇద్దరినీ దగ్గరికి పిలిచి చెప్పాను.

"గది అనకు బిడ్డా. మీకు చెల్లె పుట్టింది, బతకలే. గింతంత చేతులున్నయ్, గోర్లు గూడ వచ్చినయ్. నన్ను ఏం చెయ్యలే. మీరిద్దరు నా కడుపుల తిన్నట్టే తిన్నది. గా ఆదివారం నేనే తప్పు చెప్పిన."