పాదం మీద చెయ్యి

పొద్దున స్కాన్ గది తలుపు తెరవగానే యంత్రాన్ని చల్లబరిచే పంపు చప్పుడు వినిపిస్తుంది. యంత్రం ఖాళీగా ఉన్నా ఆ పంపు ఆగదు. అది వినగానే ఆదోనిలో నాకు ఈ పని నేర్పిన రజియా మేడం గుర్తొస్తారు. ముఖ్యంగా వీరేశు వచ్చిన రోజు. ఆ రోజు ఉన్నవాళ్లం నలుగురం: మేడం, నేను, పద్దెనిమిదేళ్ల వీరేశు, ఎమ్మిగనూరులో మగ్గం నేసే అతని తండ్రి నాగప్ప. ఉన్న వస్తువులు: ఎమ్మారై యంత్రం, లోపల పడుకున్నవాళ్లతో మాట్లాడే మైకు, భయమేస్తే నొక్కమని చేతికిచ్చే రబ్బరు బంతి.

పక్కన ఎవరూ లేనప్పుడు కూడా వీరేశుకు కొన్ని నెలలుగా మాటలు వినిపిస్తున్నాయి. జబ్బు అని డాక్టరు తేల్చలేదు. స్కిజోఫ్రెనియా అనే మానసిక వ్యాధిగా మారే ప్రమాదం ఉందన్నారు. అలాంటి యువకుల మెదడు చిత్రాలు తీసే ఒక పరిశోధన జరుగుతోంది. తండ్రీ కొడుకూ ఒప్పుకున్నాక మా దగ్గరికి పంపారు.

నాగప్ప రాగానే అడిగాడు. “వీనికి అది వస్తాదో రాదో దీంట్లో తెలుస్తాది కదమ్మా?”

“తెలీదన్నా. శానామంది పిల్లోళ్లవి పక్కపక్కన పెట్టి డాక్టర్లు ఇంకా నేర్సుకుంటాండారు. వీనొక్కనిది చూసి ఎవరూ సెప్పలేరు,” అన్నారు మేడం.

“పోగు తెగేముందు నా చేతికే తెలుస్తాది. ఇంత పెద్ద మిషన్‌కు తెలీదా!”

మేడం నవ్వారు గానీ, ఆయన్ను సముదాయించడానికైనా తెలుస్తుందని చెప్పలేదు.

వీరేశు బల్ల మీద పడుకుని, “లోపల ఎవరన్నా మాట్లాడతారా మేడం?” అన్నాడు. నేను మైకు సంగతి చెప్పబోయాను. మేడం నన్ను ఆపారు.

“ఎవరూ మాట్లాడరప్పా. ఏదన్నా సెప్పాలంటే నేనే వచ్చి, నీ పాదం మీద చెయ్యి పెట్టి సెప్తా. చెయ్యి పడకుండా మాట వినపడితే అది మాది కాదు.”

నాగప్పకు నచ్చలేదు. “మీరు పెద్దోళ్లు, వాని కాలు ముట్టేదేందమ్మా?”

“తలకాయ మిషన్ పెట్టుకుంటాది. మనకు మిగిలేది కాళ్లే కదన్నా.”

స్కాన్‌లో ఒక్కో విడత అయిపోగానే మేడం ఆ బరువైన తలుపు తీసుకుని లోపలికి వెళ్లేవారు. పాదం మీద చెయ్యి ఉంచి, తర్వాత ఎలాంటి చప్పుడు వస్తుందో, ఎంతసేపో చెప్పి వచ్చేవారు. ఒకసారి స్కాన్ నడుస్తుండగా వీరేశు కాలివేళ్లు బిగుసుకోవడం అద్దంలోంచి కనిపించింది. బంతి నొక్కుతాడనుకున్నాను. నొక్కలేదు.

బయటికొచ్చి చెప్పులు వేసుకుంటూ తనే చెప్పాడు. “నడుమ ఎవరో లేసి పో అన్నారు మేడం. నా కాలు ఎవరూ ముట్టలేదు. అందుకే లేయలే.”

నాగప్ప కొడుకు వైపు చూశాడు. తన మొదటి ప్రశ్న మళ్లీ వేయలేదు. “డాక్టరు దగ్గరికి మళ్లా ఎప్పుడు రావల్ల?” అని మాత్రం అడిగాడు.

చిత్రాలు త్వరగా, స్పష్టంగా తీయడమే పని అని చదువుకుని వచ్చినవాణ్ణి నేను. మేడం పని మానేశాక యంత్రం నా చేతికి వచ్చింది. ఆ పరిశోధన కోసం వచ్చేవాళ్లకు నేను మైకు వాడను. ప్రతి విడతకూ లోపలికి వెళ్తాను. ఒక్కో స్కాన్‌కు పన్నెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది.