రైవస్‌కి పేరు మార్చిన రోజు

మా ల్యాబ్ సార్ పోయారు. శుక్రవారం నమాజు నుంచి వచ్చి కుర్చీలో కూర్చున్నవారు మళ్లీ లేవలేదని మంగళగిరి నుంచి వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. నాకు ఏడుపు కంటే ముందు భయం వేసింది. ఆయన ఉండగా నలుగురి ముందూ ఒప్పుకోవాల్సిన మాట ఒకటి నా దగ్గరే ఉండిపోయింది.

గన్నవరం దారిలోని మా ఇంజినీరింగ్ కాలేజీలో ఆయన లైనక్స్ సర్వర్లు చూసేవారు. తొంభైల చివర్లో ఆయన కింద ల్యాబ్ అసిస్టెంటుగా చేరాను. ఉన్న మూడు సర్వర్లకీ బెజవాడ కాలువల పేర్లు పెట్టారు: బందరు, ఏలూరు, రైవస్. వాటి చివర కాలేజీ డొమైన్ పేరు తగిలించి, "మనకి ఇంటిపేరు ముందు, వీటికి వెనకమ్మా" అని నవ్వేవారు. చెప్పులు బయట విడవనిదే ఏసీ గదిలో అడుగు పెట్టనిచ్చేవారు కాదు.

సర్వర్ పేరు మారిస్తే రెండు ఫైళ్లలో రాయాలని వందసార్లు చెప్పుంటారు. "తన పేరేంటో దానికి తెలియాలి. ఆ పేరు ఏ అడ్రసులో ఉందో కూడా తెలియాలి." అడ్రసులుండే హోస్ట్స్ ఫైల్లోనే, లైను మొదట్లో హ్యాష్ గుర్తు (#) పెట్టి, ఏం మార్చారో ఎవరు మార్చారో రాయాలి. హ్యాష్ ఉన్న లైను మెషీన్ చదవదు. "అది మనుషుల కోసం" అనేవారు.

ప్రాక్టికల్స్ రోజు పొద్దున, బయటి ఎగ్జామినర్ వస్తున్నారని నాకో బుద్ధి పుట్టింది. రైవస్ అంటే మరీ కాలువలా ఉందని 'గెలాక్సీ' అని మార్చాను, ఒక్క ఫైల్లోనే. రీబూట్ చేస్తే, తెర మీద మెయిల్ ప్రోగ్రాం మొదలయ్యే లైను దగ్గర ఆగిపోయింది. అద్దం అవతల పిల్లలు, వాళ్ల వెనక ప్రిన్సిపాల్ గారు. బయటికి వెళ్లలేను, లోపల ఏం చేయాలో తెలియదు. రీసెట్ నొక్కాను. మళ్లీ అక్కడే ఆగింది. మళ్లీ నొక్కాను. మూడోసారికి డిస్కు దెబ్బతిని అసలు లేవలేదు.

సార్ వచ్చి చూశారు. "కొత్త పేరు ఎక్కడుందో వెతుక్కుంటోందమ్మా. కాసేపు ఆగితే విసుగొచ్చి అదే ముందుకెళ్లేది" అన్నారు మెల్లగా.

పరీక్ష వాయిదా పడింది. "ఎవరండీ ఈ పని చేసింది?" అని ప్రిన్సిపాల్ గారు అరిచారు.

"నేనేనండీ" అన్నారు సార్.

నేను తెరిచిన నోరు మూసుకున్నాను. నాది టెంపరరీ ఉద్యోగం. ఆయనదీ టెంపరరీయే. ఆ ఏడాది రావాల్సిన ఆయన పర్మనెంట్ ఆర్డరు మూడేళ్లు ఆగిపోయింది. నాకే ముందొచ్చింది. స్వీట్లు పంచుతుంటే రెండు తీసుకుని మరీ తిన్నారు.

ఆయన ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. తిట్టినా బాగుండేది, ఏడ్చి బయటపడేదాన్ని. హోస్ట్స్ ఫైల్లో మాత్రం హ్యాష్ పెట్టి, పేరు మార్పులో పొరపాటు తనదని రాసి, పొడి అక్షరాల్లో సంతకం చేశారు. కొత్త సర్వర్ కొన్నప్పుడల్లా ఆ ఫైలు కాపీ చేసేది నేనే. ఆ లైనూ వెంట వచ్చేది. చెరిపే మొహం లేదు, దిద్దే ధైర్యం లేదు.

నిన్న చెప్పులు బయట విడిచి ఏసీ గదిలోకి వెళ్లాను. ఇప్పుడు నేనే ఇన్‌చార్జిని, విడవమనేవాళ్లు ఎవరూ లేరు. ఆయన లైను కింద ఇంకో హ్యాష్ పెట్టి, పేరు మార్చింది ఆయన కాదు, నేనని రాశాను. కింద నా పేరు, ఇంటిపేరుతో సహా. ఇక్కడ మీకూ చెబుతున్నాను. ఆ లైను రాశాక, అవసరం లేకపోయినా రీబూట్ చేశాను. మెయిల్ లైను వచ్చింది, క్షణం ఆగకుండా దాటిపోయింది. చల్లటి నేల మీద వట్టి కాళ్లతో నేనే చాలాసేపు నిలబడిపోయాను.