షారోను రెక్కలు

"ఈ బొంత కుట్టింది ఎవరు?"

ఆ మాట అడిగేటప్పటికి రూఫస్ ఇంకా కూర్చోనైనా లేదు. ఇచ్చిన మంచినీళ్ళు పిట్టగోడ మీద అట్లాగే ఉన్నాయి. గుర్రం వీపు మీంచి జీను దించి, దాని కింద పరిచిన బొంతను రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని అడిగాడు.

"నేనే సార్," అంది మగ్దలీనమ్మ. కుట్టు బాగుందంటాడని చూసింది. ఆమె చేతికుట్టుకు మైపాడు చర్చిలో పేరుంది మరి.

రూఫస్ బాగుందనలేదు. బొంతను మడిచి నేలమీద పెట్టి, "మీరు కాకుండా ఇంకెవరైనా అయ్యుంటే చెప్పేదానికి సులువుగా ఉండేది," అన్నాడు.

మగ్దలీనమ్మది కోవూరు. పెళ్ళయి సముద్రం పక్కకు వచ్చిన నాటి నుంచి రొయ్యల ప్లాంటులో ఐసునీళ్ళలో చేతులు పెట్టి రొయ్యలు వలిచింది. వేళ్ళు మొద్దుబారాక మానేసింది. భర్త టైటస్ తాత నెల్లూరులో జట్కా తోలినవాడు. ఆ ఒక్క అర్హతతో టైటస్ ఆటో అమ్మి గుర్రాన్ని కొన్నాడు. ఆదివారాలు బీచిలో పిల్లల్ని ఎక్కించుకుని ఒక చుట్టు తిప్పడం, ముహూర్తాల రోజుల్లో పెళ్ళికొడుకుల్ని ఊరేగించడం, ఇదీ వ్యాపారం. మొదటి గుర్రం పేరు గేబ్రియేలు. చెన్నై బీచిలో గుర్రాలు తిప్పే మనిషి దగ్గర జీనుతో సహా కొన్నారు. అది ఎముకల గూడు. ఆ జీను దానికి అతికినట్టు కూర్చునేది. ఒకనాడు కడుపునొప్పి వచ్చి సాయంత్రానికల్లా పోయింది. దాని తర్వాత వచ్చిన షారోను వెడల్పాటి వీపున్న ఎర్రటి ఆడగుర్రం. గుర్రం మారింది, జీను మారలేదు. జీను ఏ గుర్రానికైనా జీనే కదా అనుకున్నారు మొగుడూ పెళ్ళాం. చెప్పులు కొనేటప్పుడు మాత్రం ఇద్దరూ కాలు పెట్టి చూసుకునే కొంటారు.

రెండో ఏడు షారోను మూపుకు రెండు వైపులా అరచేతులంత మేర తెల్లవెంట్రుకలు మొలిచాయి. ఇటెంతో అటంతే, గీసినట్టు. టైటస్ బొల్లి అనుకుని బెంబేలెత్తాడు. మగ్దలీనమ్మ పాస్టరుగారిని పిలుచుకొచ్చింది. ఆయన చాలాసేపు కళ్ళు మూసుకుని, తెరిచి, అవి రెక్కల గుర్తులన్నాడు. ఆ ఆదివారం షారోనును చర్చి ముందు నిలబెట్టి అందరికీ చూపించాడు. గుర్రాలకు రెక్కలు మొలవవని అక్కడున్న వాళ్ళందరికీ తెలుసు. ఒక్కరూ నోరెత్తలేదు. అట్లాంటి చోట నోరెత్తిన మనిషికి ఆ తర్వాత పెళ్ళికీ చావుకీ కూడా జనం కూడరు.

టైటస్ మాత్రం ఊరుకోలేదు. 'రెక్కల గుర్రం' అని ఫ్లెక్సీ కొట్టించి ఊరేగింపు రేటు పెంచాడు. హిందువుల పెళ్ళిళ్ళ వాళ్ళే ఎక్కువ వచ్చారు. దేవుడి గుర్తు జీను కింద నలిగిపోకూడదని మగ్దలీనమ్మ పాతచీరలు తెచ్చి బొంత కుట్టింది. పాస్టరుగారు దానిమీద చేయి ఉంచి ప్రార్థన చేశాడు. కొన్నాళ్ళకు షారోను వీపు తాకితే వణకడం మొదలుపెట్టింది. మగ్దలీనమ్మ ఇంకో చీర వేసి కుట్టింది. చర్మం వాచి రసి కారింది. ఇంకో చీర. రూఫస్ వచ్చేనాటికి అది తలగడంత మందాన ఉంది.

రూఫస్ రావడం కూడా అనుకోకుండా జరిగింది. రొయ్యల గుంటల నరేంద్రబాబుకు సరదా గుర్రాలు రెండున్నాయి. వాటి జీనులు ఒంటికి సరిగా కూర్చుంటున్నాయో లేదో చూసేందుకు ఏటా చెన్నై నుంచి వచ్చే మనిషి రూఫస్. జీను అమర్చడం అనే పని ఒకటుందని, దానికి చదువు, ఫీజు ఉన్నాయని టైటస్‌కు అప్పుడే తెలిసింది. అప్పటికి షారోను పొట్ట కింద జీను పట్టా బిగిస్తుంటే కరవడానికి వస్తోంది. బేస్తవారం బుచ్చిరెడ్డిపాలెంలో బియ్యం మిల్లు వ్యాపారి కొడుకు పెళ్ళి. పదిహేను వేలు అడ్వాన్సు తీసుకోవడమూ అయింది, అది గడ్డికీ ఇంటిమీద రేకులకూ ఖర్చయిపోవడమూ అయింది. షారోను నడవకపోతే తిరిగివ్వడానికి ఇంట్లో ఏమీ లేదు. మగ్దలీనమ్మ చీటీ కట్టడానికి దాచిన రెండు వేలు తీసి రూఫస్ చేతిలో పెట్టింది.

"బేస్తవారానికి నడిచేటట్టు చేసి పెట్టండి సార్."

రూఫస్ గుర్రాన్ని సిమెంటు చప్టా మీద నాలుగు కాళ్ళూ సమంగా నిలబెట్టాడు. మూపు నుంచి నడుం దాకా అరచేతిని నెమ్మదిగా నడిపించాడు. వంగే సీసపు కడ్డీని మూపు మీద అడ్డంగా ఒత్తి, ఆ వంపును అట్టముక్క మీద గీసి కత్తిరించాడు. ఆ అట్టను తిరగేసిన జీనులో పెట్టి చూస్తే సగంలోనే ఇరుక్కుంది.

"కాస్త ముగ్గుపిండి ఉందామ్మా?"

"మా ఇంట్లో ముగ్గుపిండి యాడిది సార్? పాస్టరుగారు ఇంటే ఇంకేమన్నా ఉండాదా?" అంది. అయినా పక్కింటి మస్తానమ్మను అడిగి గిన్నెడు తెచ్చింది. పిండి ఇస్తూ మస్తానమ్మ, "ఏందక్కా, మాలో కలిసిపోతా ఉండావా?" అంది. ఆ రోజు మగ్దలీనమ్మ నవ్విన నవ్వు అదొక్కటే.

రూఫస్ జీను అడుగున పిండి అద్ది, షారోను మీద ఊరికే ఆనించి ఎత్తాడు. ఎర్రటి వీపు మీద పిండి అంటింది రెండే చోట్ల. మూపుకు ఇటొకటి, అటొకటి. రెక్కల మీద.

"ఇవి రెక్కలు కాదమ్మా. జీను లోపలి చెక్క నొక్కీ నొక్కీ వెంట్రుక వేర్లు దెబ్బతిన్నాయి. అట్టాంటి చోట మళ్ళీ మొలిస్తే తెల్లగానే మొలుస్తాది. చూడండి, కండ కూడా కరిగిపోయింది."

"మరి బొంత మెత్తగా ఉండాది గదా సార్?"

"చెప్పు ఇరుకైతే రెండు జతల మేజోళ్ళు తొడుగుతారా?"

ఈ జీను పనికిరాదని, ఆరు నెలలు ఏ జీనూ వేయొద్దని, బేస్తవారం మాట మరిచిపొమ్మని చెప్పి రూఫస్ వెళ్ళిపోయాడు. మంచినీళ్ళు అట్లాగే ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం ఆమె వరండాలో కూర్చుని బొంత విప్పింది. పైపొర వాయిలు చీర. దాని కింద అమ్మది. దాని కింద ప్లాంటుకు కట్టుకుపోయిన నైలాన్ చీర. ప్రతి పొరలోనూ అవే రెండు చోట్ల రసి ఇంకి, ఎండి, అట్ట కట్టి ఉంది. ఒక్కో పొర కుట్టినప్పుడు ఏ పాట పాడుకుందో కూడా ఆమెకు గుర్తుంది.

సాయంత్రం టైటస్ పక్కన కూర్చున్నాడు.

"ఒక్క గంట మే. మిల్లు కాణ్ణించి మండపం దాకా."

"సార్ ఏం చెప్పినాడో ఇన్నావు గదయ్యా."

"సార్ చెన్నై ఎళ్ళిపోయినాడు. బుచ్చోళ్ళు ఈడనే ఉండారు."

"తీసుకున్నది తిరిగిచ్చెయ్."

"ఏది ఇచ్చేది? ఇంటిమీద రేకులు పీక్కపోమందునా?"

ఆమె లేచి తెల్లమచ్చల మీంచి ఈగలు తోలింది. చివరికి, "బొంత లేకుండా అయితే తీసకపో," అంది.

రూఫస్ చెప్పింది జీను వేయొద్దని. ఆమెకు వినబడింది బొంత ఒక్కటే. ఎందుకంటే అది తను కుట్టింది. చిన్నప్పటి నుంచి ఆదివారం ఆదివారం చర్చిలో నేర్పింది అదే: నీ పాపం ఒప్పుకో, వదిలెయ్, అంతా కడుక్కుపోతుంది. గుర్రం మూపుకు ఆ లెక్క తెలియదు. తన తప్పు తీసేస్తే తప్పంతా పోతుందనుకుంది మగ్దలీనమ్మ. తీసేశాక మిగిలింది పచ్చిపుండు, దానిమీద ఉత్త చెక్క.

బేస్తవారం ఆమె కూడా వెంట వెళ్ళింది. పెళ్ళికొడుకు మంచి కండపుష్టి గల మనిషి. స్టూలు వేసి ఇద్దరు పట్టుకుని ఎక్కించారు. డప్పులు మొదలయ్యాయి. షారోను కొంతదూరం నడిచింది. మిల్లు గేటు దాటలేదు, ముందుకాళ్ళు మడిచి మోకాళ్ళ మీద కూలబడింది. పెళ్ళికొడుకు దాని మెడమీదుగా జారి, చేయి కిందపెట్టి పడ్డాడు. డప్పులు ఆగిపోయాయి.

"రెక్కల గుర్రమంటిరే, ఎగరలా?" అన్నాడు గుంపులోంచి ఒకడు. జనం నవ్వారు.

పెళ్ళికొడుకు మేనమామ పెంచలప్రసాద్ నవ్వలేదు. టైటస్ చొక్కా పట్టుకోలేదు, కేక వేయలేదు. "అడ్వాన్సంతా తిరిగియ్యాల. చెయ్యి విరగలా, అది మీ అదృష్టం," అని చెప్పి, మేనల్లుణ్ణి కారెక్కించాడు. మగ్దలీనమ్మ అప్పటికే పట్టా విప్పుతోంది. జీను ఎత్తితే అడుగున తడిగా, వెచ్చగా తగిలింది. తన కొంగు అద్దబోయి ఆగిపోయింది. అది కూడా పాతచీరే.

తర్వాతి ఆదివారం పాస్టరుగారు విశ్వాసానికి వచ్చే పరీక్షల గురించి ప్రసంగించాడు. రెక్కల ఊసు ఎత్తలేదు. ఫ్లెక్సీని టైటస్ తిరగేసి గడ్డివాము మీద కప్పాడు. జీను ఉతికే రాయి పక్కన ఎండకు బిగుసుకుపోయి పడి ఉంది. కొనేవాడు వస్తే, అది ఏ గుర్రానికి పనికిరాదో మగ్దలీనమ్మే ముందుగా చెబుతుంది. అందుకే ఎవరూ కొనలేదు.

షారోను బతికే ఉంది. పుండు మానుతోంది. అయితే మగ్దలీనమ్మ చేతిలో గుడ్డపేలిక కనబడితే చాలు, వెనక్కి వెనక్కి నడిచి గోడకు ఆనుకుంటుంది. ఇంకెవరి చేతిలో గుడ్డ ఉన్నా పట్టించుకోదు. అందుకని పుండు తుడవడానికి మస్తానమ్మ వస్తుంది. మగ్దలీనమ్మ దూరంగా నిలబడి, ఎక్కడ తుడవాలో చెబుతుంది. తెల్లవారగానే ఆమె మళ్ళీ రొయ్యల ప్లాంటుకు పోతోంది.

రూఫస్ ఫీజు ఆ రోజే ముట్టింది. బుచ్చిరెడ్డిపాలెం వాళ్ళకు ఇప్పటిదాకా ఆరు వేలు కట్టారు. ఇంకా తొమ్మిది వేలు ఇవ్వాలి.